బండి మెడకు ఖాళీ మెలిక

దెయ్యాలు ఉన్నాయంటే నేను నమ్మను. ఈ మాటతో మొదలుపెట్టేవాళ్లంతా చివరికి మనల్ని ఏదో ఒకటి నమ్మించాలని చూస్తారని నాకూ తెలుసు. నాకు ఎవరినీ నమ్మించాలని లేదు. అసలు నమ్మడం అనే పనే నాకు చేతకాదని మా ఇంట్లో వాళ్లు అంటారు.

నేను బీమా సర్వేయరుని. నరసరావుపేటలో ఉంటాను. ఇటు వినుకొండ నుంచి అటు చిలకలూరిపేట దాకా ఎక్కడ బండి గుద్దుకున్నా వెళ్లి చూసి రిపోర్టు రాయడం నా పని. ఇన్నేళ్లలో తప్పు నాదేనండీ అని ఒప్పుకున్నవాణ్ణి చూడలేదు. అందరికీ గేదె అడ్డం వచ్చింది. మా ప్రాంతంలో పాలిచ్చే గేదెల కన్నా బీమా కాగితాల మీద రోడ్డు దాటే గేదెలే ఎక్కువ.

అందుకని నేను మనిషి చెప్పేది వినను, ఇనుము చూస్తాను. విరిగిన చోట లోపల తుప్పు పట్టి ఉంటే పాత దెబ్బ, మెరుస్తుంటే కొత్త దెబ్బ. ఇనుము అబద్ధం చెప్పదు. ఈ అలవాటు ఇంటిదాకా వచ్చింది. పాలు చిక్కగా ఉన్నా అనుమానమే, పలచగా ఉన్నా అనుమానమే. మా ఆవిడ విజయ ప్రైమరీ స్కూలు టీచరు. ఆవిడ బడి నుంచి కాస్త ఆలస్యంగా వస్తే ఆటో దొరకలేదా, హెడ్మాస్టరు ఉంచేశాడా, ఏ దారిన వచ్చావు అని వరసగా అడిగేవాణ్ణి. ఆవిడ నవ్వి, పెళ్లిచూపులకు వచ్చినప్పుడు కూడా సర్వే చేసుకునే వెళ్లి ఉంటారు అనేది. ఈ మధ్య ఆ నవ్వు తగ్గింది. నేను గమనించాను గానీ పట్టించుకోలేదు.

ఇక బండి సంగతి.

విజయ వాళ్లది కనిగిరి దగ్గర పల్లె. మా మామగారు పొగాకు రైతు. వాళ్లకు సొంత బ్యారన్ ఉండేది. బ్యారన్ అంటే పొగాకు ఆకును వేడికి ఆరబెట్టే ఎత్తయిన గది. ఆయన పోయి చాలా కాలమైంది. ఒంగోలు ఆస్పత్రిలో, గుండెజబ్బుతో, పిల్లలిద్దరూ పక్కనుండగా పోయారు. ఆయన చావుకీ ఈ బండికీ ఏ సంబంధమూ లేదని ముందే చెబుతున్నాను. చదివేవాళ్ల ఆలోచన అటే పోతుంది కాబట్టి.

మొన్న ఎండాకాలానికి ముందు నా బావమరిది శ్రీను ఆ పాత బ్యారన్ పడగొట్టించాడు. లోపల రేకుల కింద ఆయన మినీ బైకు బయటపడింది. ఈ తరం పిల్లలకు మోపెడ్ తెలుసు, స్కూటీ తెలుసు. ఇది రెండూ కాదు. బొద్దుగా ఉన్న చిన్న చక్రాలు, పొట్టి సీటు, గుమ్మడికాయ లాంటి పెట్రోలు ట్యాంకు. చూడ్డానికి పెద్ద మోటారు సైకిలు కన్న బిడ్డలా ఉంటుంది. దాన్ని చేసిన కంపెనీ కూడా ఎప్పుడో మూతపడింది. శ్రీను పాత ఇనుము వాడికి వేసేస్తానంటే నేను వద్దన్నాను. మినీ ట్రాలీలో వేసుకుని ఇంటికి తెచ్చాను.

విజయ దాని చుట్టూ ఒకసారి తిరిగింది. తర్వాత ట్యాంకు మీద చెయ్యి వేసి, నాన్న తమ్ముడికి నేర్పాడు గానీ నాకు నేర్పలేదు అంది. ఆడపిల్ల పడితే దెబ్బ తగులుతుందని భయమట ఆయనకు. తమ్ముడు నడుపుతుంటే వెనక కూర్చోవడమే ఈవిడ వంతు. దీన్ని బాగుచేస్తే బడికి దీని మీదే వెళతాను, ఇక ఆటోల కోసం రోడ్డు మీద నిలబడను అంది. సెలవులు అయిపోయి బడి తెరిచే నాటికి సిద్ధం చేస్తానని మాటిచ్చాను. ఆవిడ నన్ను ఏదైనా అడిగి కూడా చాలా రోజులైంది.

మా ఇంటి వెనక ఒక రేకుల షెడ్డు ఉంది. మా నాన్న ఉన్నప్పుడు మిరపకాయ టిక్కీలు, అంటే బస్తాలు, వేసేవాళ్లం. ఇప్పటికీ గోడ గీరితే తుమ్ములు వస్తాయి. ఒకటే తలుపు, ఒకటే కిటికీ. కిటికీకి ఇనుప వల. అందులో పెట్టుకుని పని మొదలుపెట్టాను.

బండి బాగుచేయడం అంత సుఖం ఇంకొకటి లేదు. ట్యాంకులో తుప్పు పోవడానికి చింతపండు పులుసు పోసి, గుప్పెడు నట్లు వేసి ఊపమని విజయే చెప్పింది. ఊపీ ఊపీ నా చేతులు పడిపోయాయి గానీ లోపల ఇత్తడి బిందెలా మెరిసింది. బిగుసుకుపోయిన బోల్టులన్నీ కిరసనాయిల్లో నానబెట్టాను. కార్బొరేటర్ సన్నటి రంధ్రాన్ని రాగి తీగ పోగుతో పొడిచాను. పిస్టన్ రింగులు విజయవాడ ఆటోనగర్‌లో వెతికి పట్టుకున్నాను. ఇంజను మొదటిసారి టపటపమని మోగి, షెడ్డంతా తెల్లటి పొగ కమ్మిన సాయంత్రం విజయ గుమ్మంలో నిలబడి చప్పట్లు కొట్టింది. మేమిద్దరం ఒకే పని గురించి మాట్లాడుకుని ఎన్నాళ్లైందో అనిపించింది.

తర్వాత పెయింటు. ఫ్రేము మీద అక్కడక్కడా తుప్పు తిన్న గుంటలు ఉంటే లప్పం పెట్టి, నున్నగా రుద్ది, ముదురాకుపచ్చ కొట్టాను. పాత రంగు అదేనని విజయ చెప్పింది.

పెయింటు ఆరిన మర్నాడు షెడ్డులోకి వెళితే బండి మెడకు ఒక పురికొస కట్టి ఉంది.

మెడ అంటే హ్యాండిలు రాడ్డు దూరే పొట్టి గొట్టం. ముందు చక్రం బరువంతా మోసేది అదే. దాని చుట్టూ ఒకే ఒక్క మెలిక, కొస వేలాడుతూ. దిష్టి తాడనుకున్నాను. మా ఊళ్లో కొత్త బండి కొంటే నిమ్మకాయా మిరపకాయలూ కట్టనివాడు లేడు. పనికొచ్చే కోటమ్మ కట్టి ఉంటుందనుకుని తెంపి పారేశాను. కోటమ్మను అడిగితే, దిష్టికి తాడొక్కటే కడతారా సారూ, నిమ్మకాయ లేకుండా, అని నన్నే ఎగాదిగా చూసింది.

రెండు మూడు రోజులకు మళ్లీ ఉంది. అదే చోట, అదే మెలిక. ఈసారి తెంపకుండా విజయను పిలిచాను. ఆవిడ వంగి చూసి ఆశ్చర్యపోయింది. ఇది ఆకు మెలిక, మేము చిన్నప్పుడు పొగాకు ఆకును కర్రకు ఇలాగే కట్టేవాళ్లం, కొస పట్టి లాగితే విడిపోతుంది అంటూ లాగి చూపించింది. నిజంగానే తాడు జారి ఆవిడ చేతిలోకి వచ్చింది. ఆకు లేకుండా ఉత్తినే ఎందుకు వేశారో మరి అంది.

ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది. నాకు అక్కడే పురుగు తొలిచింది.

ఎందుకంటే మాది మిరప, పత్తి పండే నేల. మా వీధిలో పొగాకు మొక్క చూసినవాళ్లే తక్కువ, ఇక ఆకు కట్టడం ఎవరికి తెలుస్తుంది? తెలిసిన మనిషి నా ఇంట్లో ఒక్కతే ఉంది. ఆవిడే మెలిక వేసి, ఆవిడే ఆశ్చర్యపోయి, ఆవిడే విప్పి చూపిస్తోంది. క్లెయిము కోసం వచ్చినవాళ్లు సరిగ్గా ఇలాగే చేస్తారు. అడక్క ముందే ఎక్కువ చెబుతారు.

ఎందుకు చేస్తుందన్నది నాకు తోచలేదు. తండ్రి బండి కాబట్టి ఏదో మొక్కు అయి ఉంటుంది, నాకు చెబితే నవ్వుతానని దాస్తోంది అనుకున్నాను. లేదంటే నాతో ఆటాడుతోంది. ఏదైనా దాచడం దాచడమే కదా. నేరుగా అడిగితే పోయేదానికి నేను నిఘా మొదలుపెట్టాను.

షెడ్డుకు తాళం వేశాను. చెవి నా జేబులోనే. బండి మాత్రం రోజూ కొద్దికొద్దిగా పూర్తవుతూనే ఉంది. తాళం వేసిన తర్వాత కూడా మెలిక వచ్చింది. ఈసారి తాడును జాగ్రత్తగా విప్పి వెలుతురులో చూశాను. పాత జనపనార పురికొస, గోధుమ రంగుకు తిరిగింది. వేళ్లకు జిగురు అంటుకుంది. పచ్చి ఆకు పసరు వాసన వచ్చింది. కాసేపటికి వేళ్లు నల్లబడ్డాయి, సబ్బుతో కడిగినా పోలేదు. ఆకు కట్టే రోజుల్లో చేతులన్నీ ఇలాగే నల్లగా అయ్యేవని, చింతపండు రుద్దితేగానీ పోయేది కాదని పెళ్లైన కొత్తలో విజయ చెప్పింది నాకు. పైగా అప్పటికి పొగాకు కోతలు అయిపోయి బ్యారన్లు చల్లారాయి. పచ్చి ఆకు ఎక్కడా లేదు.

భోజనాల దగ్గర ఆవిడ వేళ్లు చూశాను. శుభ్రంగా ఉన్నాయి. చింతపండు రుద్దుకుని ఉంటుంది అనుకున్నాను. చూడండి నా బుద్ధి. సాక్ష్యం దొరక్కపోతే అది కూడా నాకు సాక్ష్యమే.

ఆ తాళానికి రెండో చెవి ఒకటి ఉండాలి. బీరువాలో లేదు, దేవుడి గూట్లో లేదు. విజయ స్నానానికి వెళ్లినప్పుడు ఆవిడ హ్యాండ్‌బ్యాగు తెరిచాను. సుద్దముక్కలు, బస్సు టిక్కెట్లు, తలనొప్పి మాత్రలు. తల ఎత్తేసరికి ఆవిడ తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని ఎదురుగా నిలబడి ఉంది.

ఏం వెతుకుతున్నారని అడగలేదు. నేనే చెప్పాను, మెలిక సంగతి, తాళం సంగతి. సర్వేకి వెళ్లినచోట మాట్లాడే గొంతుతోనే మాట్లాడి ఉంటాను. ఆవిడ అంతా విని, మంచం మీద కూర్చుంది.

"నేను కాదు" అంది.

"మరి ఈ ఇంట్లో ఆ మెలిక ఇంకెవరికి వచ్చు?"

"నాకు తెలీదు. నేను కాదని మాత్రం చెబుతున్నా. మీకు అది చాలదా?"

చాలుతుంది అనడానికి ఒక్క క్షణం చాలు. నేను ఆ క్షణం కూడా తాళం చెవి గురించే అడిగాను. విజయ లేచి బ్యాగు తీసుకుని అందులోవన్నీ మంచం మీద బోర్లించింది. ఒక్కొక్కటీ విదిలించి చూపించింది. చెవి లేదు. ఆ మధ్యాహ్నమే కనిగిరి బస్సెక్కింది. సెలవులే కదా, తమ్ముడి దగ్గర నాలుగు రోజులుంటానంది. బడి తెరిచేటప్పటికి వస్తావా అంటే, చూద్దాం అంది. ఆవిడ నోటివెంట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. ఏదడిగినా అవునో కాదో తేల్చి చెప్పే మనిషి. ఆ చూద్దాం విన్నాక ఇల్లు ఎంత పెద్దదో తెలిసింది నాకు.

ఇక్కడ ఆగి ఉంటే ఇది మొగుడూ పెళ్లాల గొడవ అయి ఉండేది. రాసేవాణ్ణి కాదు.

ఆవిడ లేదు కాబట్టి ఇక మెలిక పడదని నా లెక్క. పడకపోతే నా అనుమానం రుజువైనట్టే. నిజం చెప్పాలంటే రుజువు కావాలనే కోరుకున్నాను. ఆవిడ తిరిగి వచ్చాక చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది కదా అని. పాత తాళం తీసేసి బజారు నుంచి కొత్తది తెచ్చాను. వంటింట్లో పిండి జల్లెడ తీసుకుని, పిడుగురాళ్ల నుంచి వచ్చే ముగ్గుపిండి షెడ్డు నేలంతా సన్నగా జల్లుతూ, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ గుమ్మం దాకా వచ్చాను. మధ్యలో మెడకు ఏ తాడూ లేని బండి, చుట్టూ తెల్లటి నేల. తలుపు సందులో కూడా జల్లి తాళం వేశాను. కోటమ్మను ఆ రోజుకు రావద్దన్నాను. కిటికీ వల నాలుగు మూలలా లాగి చూశాను.

తర్వాత లోపలికి వచ్చి నిన్నటి పప్పు వేడి చేసుకుని అన్నం తిన్నాను. మిట్టమధ్యాహ్నం, ఎండ మండిపోతోంది. వీధిలో కుక్క కూడా లేదు. చేతులు కడుక్కుని, నా మీద నాకే నవ్వొస్తూ, వెళ్లి తాళం తీశాను.

నేల నేను వదిలినట్టే ఉంది. ఒక పక్క గోడ నుంచి గోడకు బల్లి పాకిన సన్నటి జాడ తప్ప వేలిముద్రంత మచ్చ లేదు. బండి మెడకు మెలిక ఉంది.

నేను లోపలికి వెళ్లలేదు. గుమ్మంలోనే నిలబడ్డాను. భయం వేసింది. బండిని చూసి కాదు. బయట ఎండలో కాకి అరుస్తోంది, పక్కింట్లో టీవీ మోగుతోంది, అన్నీ మామూలుగా ఉన్నాయి. ఆ మామూలు మధ్యలో ఆ తాడు ఉంది చూశారా, అదీ నన్ను భయపెట్టింది. 

కాసేపటికి తేరుకుని శ్రీనుకు ఫోను చేశాను. మొదట ఏం అడిగానో చెబితే నన్ను మీరు అసహ్యించుకుంటారు. అక్క అక్కడే ఉందా అని అడిగాను. ఉదయం నుంచి ఎటూ వెళ్లలేదు కదా అని కూడా అడిగాను. కనిగిరి ఎక్కడ, నరసరావుపేట ఎక్కడ. అయినా అడిగాను. ఇక్కడే ఉంది బావా, పిల్లలతో కూర్చుని అన్నం తింటోంది, పిలవనా అన్నాడు. వద్దన్నాను.

అప్పుడు మెలిక సంగతి చెప్పాను. ఎవరో ఆటపట్టిస్తున్నారు, ఆకు కట్టే మెలికే గానీ ఆకు లేదు, ఉత్త తాడు, అన్నాను. 

"ఖాళీ మెలికా? ఎక్కడేశారు బావా?"

"మెడకి. హ్యాండిలు కింద."

"మా నాన్న బీటలు వారిన కర్రకి ఏసేవాడు అట్టా. ఆకు కట్టిన కర్ర బ్యారన్‌లో పైకెక్కాక విరిగిందనుకో, ఆకంతా కింద కాలే గొట్టాల మీద పడి బ్యారన్ అంటుకుద్ది. అందుకని బీట కనపడితే ఆకు తీసేసి, ఖాళీ మెలిక ఏసి పక్కన పెట్టేవాడు. దీని మీద బరువెయ్యొద్దని."

అక్కకు ఇది తెలుసా అని అడిగాను. అడక్కుండా ఎలా ఉంటాను. తెలీదు బావా, ఆడోళ్లు పాకలో కూర్చుని ఆకు కట్టటమే, బ్యారన్‌కి ఎక్కించేది మేమే కదా అన్నాడు. ఫోను పెట్టేశాను.

ముగ్గుపిండి తొక్కుకుంటూ లోపలికి వెళ్లాను. మెలిక విప్పాను. హెడ్‌లైటు ఊడదీసి, బ్లేడుతో మెడ మీద పెయింటు గీకాను. పెయింటు కింద నా లప్పం. లప్పం కింద నేను తుప్పు గుంట అనుకున్న చోట, వెంట్రుక అంత సన్నటి గీత. గీకుతూ పోతే అది మెడ చుట్టూ సగందాకా పాకి ఉంది. ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకుని హ్యాండిలు పట్టి పైకి లాగాను. గీత నోరు తెరిచింది. లోపల నల్లటి తుప్పు. పాత బీట.

ఇలా మెడ ఊడిపోయిన బండ్లు నేను చూశాను. వాటి రిపోర్టులు నా చేత్తో రాశాను. స్పీడు బ్రేకరు ఎక్కగానే హ్యాండిలు చేతికొస్తుంది, చక్రం దాని దారిన అది పోతుంది. విజయ బడికి వెళ్లే దారిలో మిరపకాయల లారీలు ఒకదాని వెనక ఒకటి పోతుంటాయి. ఊళ్లో ప్రతివాడి బండిలో బీట పట్టుకునే నేను, నా పెళ్లాం ఎక్కబోయే బండిలో బీటను లప్పంతో పూడ్చి, మీద రంగేసి, ఎంత బాగా వచ్చిందో అని మురిసిపోయాను. ఆ ముగ్గుపిండిలోనే కూలబడి ఏడ్చాను.

మర్నాడు కారు తీసుకుని కనిగిరి వెళ్లాను. విజయ అరుగు మీద కూర్చుని మేనకోడలికి జడ వేస్తోంది. జరిగింది జరిగినట్టు చెప్పాను. కొత్త తాళం, ముగ్గుపిండి, బల్లి జాడ, బీట, ఏదీ వదల్లేదు. ఫోనులో తీసిన ఫొటోలు చూపించాను. నువ్వు కాదని తేలిపోయింది అన్నాను. ఆ మాట అంటే సంతోషిస్తుందనుకున్నాను. ఆవిడ ఫొటోలో మెలికను రెండు వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూసింది. నాన్నా అని పైకి వినపడీ వినపడనట్టు అంది. తర్వాత జడ వేయడం పూర్తి చేసి, లోపలికి వెళ్లి బ్యాగు సర్దుకుని వచ్చి కారెక్కింది.  

మెడ గొట్టం మొత్తం కోయించి కొత్తది వేయించాను. లేతు పనివాడు వెల్డింగు చేస్తుంటే పక్కనే నిలబడి చూశాను. ఆ తర్వాత మెలిక ఇంకెప్పుడూ పడలేదు.

ఇదీ జరిగింది. దీన్ని నేను అన్ని వైపుల నుంచీ ఆలోచించాను. కోతి అనుకుంటే వల చెక్కుచెదరలేదు. కోటమ్మకు ఆ మెలిక రాదు, ఆ రోజు రానూ లేదు. శ్రీను వందమైళ్ల అవతల ఉన్నాడు. నాకే మతి తప్పి నేనే వేశానేమో అని కూడా అనుకున్నాను. ఆ మెలిక వేయడం నేర్చుకుందామని విజయ దగ్గర కూర్చుని ప్రయత్నిస్తే నా వల్ల కాలేదు. వేసినా ఖాళీ మెలికకు అర్థం నాకేం తెలుసు? ఇక పచ్చి ఆకు పసరు సంగతి. ఆ తాడు ముక్క ఒకటి ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఎండిపోయి, మామూలు తాడులాగే ఉంది. దేనికైనా కారణం ఉంటుందనే నా నమ్మకం. ఇది నా రిపోర్టయితే కారణం అన్న చోట ఖాళీ వదిలేసి సంతకం పెట్టాలి.

బడి తెరిచే ముందు ఆదివారం బండిని పెదకాకాని గుడికి తీసుకెళ్లి పూజ చేయించాం. పూజారి బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. కాంపౌండు బయట ఖాళీ జాగాలో విజయ చీర కుచ్చిళ్లు దోపుకుని బండెక్కింది. అప్పటికి వారం నుంచి మా వీధిలో నేర్చుకుంటోంది, బాగానే నడుపుతోంది. కిక్కు కొట్టబోతూ ఆగింది. నా వైపు చూడకుండా, హ్యాండిలు వైపే చూస్తూ అడిగింది.

"ఒకటి అడుగుతా. నేను కాదని నేను చెప్పినప్పుడు నమ్మారా, నేల మీద అడుగులు లేవని చూశాక నమ్మారా?"

కోపంగా అడగలేదు. బడిలో పిల్లల్ని లెక్క అడిగినట్టు అడిగింది. నేను చక్రాల కింద నిమ్మకాయల వైపు చూశాను. ఆవిడ కిక్కు కొట్టింది. నిమ్మకాయలు చితికాయి. తండ్రి బండి మీద, తెల్లటి పొగ వదులుకుంటూ, గుంటూరు రోడ్డు వైపు తిరిగింది.

ఆ మెలిక ఎవరు వేశారో నాకు ఇప్పటికీ తెలియదు. విజయ అడిగినదానికి జవాబు మాత్రం తెలుసు. అందుకే ఇంతవరకు చెప్పలేకపోయాను.